మద్దెల ఓడు కాదని ఎవరన్నారు?

'ఆడలేక మద్దెల ఓడు' అనే సామెతని ఎవరు పుట్టించారో తెలీదు గానీ, దాన్ని ఎవరి మీద వాడతారో మనందరికీ తెలుసు. చదువు మధ్యలో ఆగిపోయిందన్న అమ్మాయి మీద, రాసుకోడానికి వేళ దొరకలేదన్న రచయిత్రి మీద, పరిశోధనకి ఆర్నెల్లు ఆలస్యమైందన్న బాలింత మీద. మొదలుపెట్టిన చోటు గురించి ఎవరు నోరెత్తినా ఈ సామెత సిద్ధంగా ఉంటుంది. అందులో తీర్పు ఎప్పుడూ ఆడే మనిషి మీదే. మద్దెలని చేతిలోకి తీసుకుని, తట్టి చూసి, ఇది నిజంగానే ఓడేమో అని అడిగినవాళ్ళు ఆ సామెతలో ఒక్కరూ లేరు.

ఆ మద్దెలని తట్టి చూడటమే ఈ వ్యాసంలో నా పని. అందుకు నేను పిలుస్తున్న సాక్షి ఒక కంప్యూటర్ గేమ్. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన మనిషి మగపిల్లల ఆట గురించి ఈ పత్రికలో రాయడమేంటని కొందరికి అనిపించవచ్చు. నవలని చదివినట్టే నేను ఆటనీ చదువుతాను. ఎవరు చెప్తున్నారు, ఎవరి తరఫున చెప్తున్నారు, ఏది లెక్కలోకి వచ్చింది, ఏది రాలేదు అని అడుగుతాను. కోట్లమంది కుర్రాళ్ళు రాత్రిళ్ళు మేలుకుని మరీ నేర్చుకుంటున్న చరిత్ర పాఠం ఎలా ఉంటుందో చదవకుండా వదిలేయడం మనకే నష్టం. పైగా ఇది మగపిల్లల ఆట అని రాసిచ్చిందెవరు? థీసిస్ చివరి ఏడాదిలో, పాప నిద్రపోయాక, నేనూ ఈ ఆటే ఆడాను. ఇప్పటికీ ఆడుతున్నాను.

ఆ ఆట పేరు సివిలైజేషన్. సిడ్ మైయర్ పేరుతో 1991లో మొదటిది వచ్చింది, 2025లో ఏడోది వచ్చింది. నేను మాట్లాడుతున్నది 2016లో వచ్చిన ఆరోదాని గురించి. చదరంగంలాగా ఇందులో ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా ఆడతారు. క్రీస్తుపూర్వం 4000లో మొదలుపెట్టి అంతరిక్షం దాకా ఒక నాగరికతని నడపాలి. మొదట మన చేతిలో ఉండేది ఇద్దరే: ఒక యోధుడు, ఒక సెట్లర్. (సెట్లర్ అనే మాటకి మన ప్రాంతంలో ఉన్న చరిత్ర వేరే. ఇక్కడ ఊరు కట్టడానికి బయల్దేరిన గుంపు అని అర్థం.) ప్రపంచమంతా ఆరు భుజాల గళ్ళుగా పరుచుకుని ఉంటుంది. ఆ సెట్లర్ ఏ గడి దగ్గర కళ్ళు తెరుస్తుందో నిర్ణయించేది యంత్రం. నది పక్కన పచ్చిక నేల రావచ్చు, మంచు గాలి వీచే టండ్రా రావచ్చు, ఇసుక ఎడారి రావచ్చు. ఆటగాళ్ళ భాషలో రెండో రకాన్ని 'బ్యాడ్ స్టార్ట్' అంటారు. 

ఈ చెడ్డ ఆరంభం మనసుకి సంబంధించిన విషయం కాదు, లెక్కకి సంబంధించిన విషయం. చూడండి. ఊరి నడిబొడ్డు గడి ప్రతి వంతుకీ కనీసం 2 పాళ్ళ తిండి ఇస్తుంది. అందులో ఉన్న ఒక్క పౌరసమూహం 2 పాళ్ళు తినేస్తుంది. అంటే పెరగాలంటే చుట్టూ ఉన్న నేలే దిక్కు. పచ్చిక గడి 2 పాళ్ళ తిండి ఇస్తుంది. టండ్రా 1 ఇస్తుంది. వరద మేట లేని మామూలు ఎడారి ఇచ్చేది సున్నా. జనాభా ఒకటి నుంచి రెండుకి పెరగాలంటే 15 పాళ్ళ తిండి నిలవ ఉండాలి. పచ్చిక నేల మీద ఆ పని దాదాపు 8 వంతుల్లో అవుతుంది. టండ్రాలో 15 పడుతుంది. ఎడారిలో ఎప్పటికీ కాదు.

అక్కడితో ఆగితే ఏడు వంతుల తేడాయే కదా అనుకోవచ్చు. కానీ ఆగదు. రెండో ఊరు కట్టే సెట్లర్ బయల్దేరాలంటే మొదటి ఊళ్ళో జనాభా కనీసం రెండు ఉండాలి. జనాభా పెరిగితేనే విద్యాకేంద్రాలకీ అంగళ్ళకీ చోటు తెరుచుకుంటుంది. దగ్గర్లో మంచినీళ్ళుంటే ఊరికి 5 పాళ్ళ వసతి, సముద్రం ఒడ్డయితే 3, రెండూ లేకపోతే 2. వసతి హద్దు దగ్గరపడేకొద్దీ పెరుగుదల సగానికి, ఆపైన పావుకి పడిపోతుంది. ఇలా మొదటి తేడా రెండో తేడాని కంటుంది, రెండోది మూడోదాన్ని కంటుంది. నూరో వంతు నాటికి నది ఒడ్డు రాజ్యం అక్షరాలూ గణితమూ దాటి ఎక్కడికో వెళ్ళిపోతే, టండ్రా రాజ్యం ఇంకా రెండో ఊరు కడుతూ ఉంటుంది. అప్పుడు చూసినవాళ్ళకి కనిపించేది మాత్రం ఒక చురుకైన రాజ్యం, ఒక మందకొడి రాజ్యం. అసలు తేడా మొదటి రోజు నేలలో ఉందని నూరో వంతులో ఎవరికి గుర్తుంటుంది?

వర్జీనియా వుల్ఫ్ 1929లో 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్'లో అడిగిందీ ఇదే. ఏడాదికి 500 పౌండ్లు, తాళం వేసుకోగల ఒక గది అన్నప్పుడు ఆమె ప్రతిభ గురించి మాట్లాడలేదు, మొదటి గడి గురించి మాట్లాడింది. షేక్స్పియర్‌కి అంతే ప్రతిభ ఉన్న చెల్లెలుంటే ఏమయ్యేదని ఊహించినప్పుడు, ఆ చెల్లెలి దగ్గర లేనిది కవిత్వమని అనలేదు. ఆమె చుట్టూ దిగుబడినిచ్చే గడి ఒక్కటీ లేదని చెప్పింది. తొంభై ఏళ్ళు దాటాక కూడా మనం ఆ పుస్తకాన్ని సిలబస్‌లో పెట్టి, పరీక్షలో ప్రశ్నగా ఇచ్చి, ఇంటర్వ్యూ గదిలోకి వెళ్ళగానే మర్చిపోతున్నాం.

చెడ్డ ఆరంభం వచ్చినవాళ్ళకి ఆటగాళ్ళు ఇచ్చే మొదటి సలహా: 'రీస్టార్ట్ కొట్టు.' మా తమ్ముడు కూడా అదే చెప్పాడు. "ఎందుకక్కా ఆ మంచులో కుస్తీ, కొత్త మ్యాప్ తీసుకో" అన్నాడు. మెనూలో ఆ మీట ఉంది. నొక్కితే ఆ లోకం చెరిగిపోయి ఇంకో లోకం పుడుతుంది. నది, గుట్ట, గోధుమ చేలు, పక్కనే గుర్రాలు వచ్చేదాకా పదిసార్లు, ఇరవైసార్లు నొక్కే ఆటగాళ్ళున్నారు. నాకు అందులో తప్పేమీ కనిపించదు. ఆట వాళ్ళది, రాత్రి వాళ్ళది. కానీ ఆ మీట నొక్కిన ప్రతిసారీ వాళ్ళు ఒక సత్యానికి వేలిముద్ర వేస్తున్నారు. నైపుణ్యం ఎంతున్నా నేల ముఖ్యమని ఒప్పుకుంటున్నారు. నైపుణ్యమే అంతా అయితే ఇరవైసార్లు మ్యాప్ మార్చడమెందుకు?

అంటే తెర మీద నేల ముఖ్యం, బయట మాత్రం ప్రతిభ ముఖ్యం. రాత్రి పన్నెండింటికి నది రాలేదని లోకాన్ని చెరిపేసే మనిషే, పొద్దున్న పది గంటలకి క్లాసులో కూర్చుని రిజర్వేషన్ల మీద, మహిళల కోటా మీద 'మెరిట్' అంటూ ఉపన్యాసమిస్తాడు. వీళ్ళని నేను పాఠం చెప్పిన ప్రతి కాలేజీలోనూ చూశాను. వాళ్ళకి ఒకటే చెప్పదల్చుకున్నాను. బాబూ, నీ ఆటలో ఉన్న నిజాయితీ నీ అభిప్రాయంలో లేదు. నీకు పుట్టుకతోనే నది ఒడ్డు వచ్చింది కాబట్టి, నువ్వు బయటి ప్రపంచంలో ఆ మీట కోసం ఎన్నడూ వెతుక్కోలేదు. అది లేనివాళ్ళకి వెతుక్కున్నా దొరకదు.

రెండో సలహా ఇంకాస్త పెద్దమనిషి తరహాది. 'మంచి ఆటగాడికి ఏ నేలైనా ఒకటే. ఉన్నదాంతో నెగ్గుకు రావాలి.' ఇక్కడ నేను జాగ్రత్తగా మాట్లాడాలి. ఎందుకంటే నెగ్గుకొచ్చే పద్ధతులు ఉన్నాయి, అవి పనిచేస్తాయి, అవంటే నాకు ఇష్టం కూడా. సెట్లర్ కళ్ళు తెరిచిన చోటే ఊరు కట్టాలనే నియమమేమీ లేదు. ఒకటి రెండు వంతులు పోయినా సరే, నడిపించుకుంటూ నది దాకా వెళ్ళొచ్చు. నీళ్ళ పక్కన మైదానపు గుట్ట దొరికితే అక్కడ కట్టాలి, ఊరి నడిబొడ్డుకే ఒక పాలు ఉత్పత్తి ఎక్కువొస్తుంది. నేల ఇవ్వనప్పుడు సముద్రం ఇస్తుంది, చేపల పడవలు కట్టుకోవాలి. చుట్టూ అడవుంటే కొంత కొట్టి ఆ కలపని మొదటి సెట్లర్ మీద ఖర్చుపెట్టాలి. తొలి దైవాన్ని ఎంచుకునేటప్పుడు టండ్రానో ఎడారినో భక్తిగా మార్చే నమ్మకాన్ని ఎంచుకోవాలి. రాజధాని బీడైతే రెండో ఊరిని త్వరగా మంచి నేల మీద వేయాలి. నీళ్ళు లేని ఊరికి తర్వాతైనా కొండ నుంచి కాలువ తవ్వాలి.

ఇదంతా తెలివి. దీన్ని నేను నేలని చదవడం అంటాను. మన ఆడవాళ్ళకి ఈ చదువు పుట్టుకతోనే మొదలవుతుంది. ఏ వీధి సురక్షితం, ఏ వేళ ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటుంది, ఏ ప్రొఫెసర్ దగ్గర తలుపు తీసి ఉంచాలి అన్నవి చదవకుండా మనం ఒక్క గడి కూడా ముందుకి రాలేదు. కానీ నేలని చదవడం వేరు, నేలకి సర్దుకుపోవడం వేరు. చదివిన మనిషి ఇది టండ్రా అని పేరు పెట్టి పిలుస్తుంది. సర్దుకుపొమ్మనేవాళ్ళు ఆ పేరే ఎత్తొద్దంటారు. 'సర్దుకుపో' అన్న మాట అత్తవారింటికి పంపేటప్పుడు ఎన్నోసార్లు విన్నాం. ఇప్పుడది వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లోకి, ఉద్యోగ శిక్షణల్లోకి కొత్త చీర కట్టుకుని వచ్చింది. తట్టుకునే శక్తి అని కొత్త పేరు. తట్టుకోవాల్సింది ఎప్పుడూ మనమే, కొట్టే చేతికి శిక్షణ తరగతులు లేవు!

ఈ రెండో సలహా వెనక ఒక ప్రదర్శన కూడా నడుస్తుంటుంది. ఆటలో అత్యంత కఠినమైన స్థాయి 'డైటీ'. అక్కడ యంత్రం నడిపే ప్రత్యర్థులు ఒకరికి ముగ్గురు సెట్లర్లతో మొదలుపెడతారు. మనకి మాత్రం ఒక్కరే. ఆ స్థాయిలో, టండ్రాలో పుట్టి గెలిచానని ఒకరు కథ చెప్తారు. ఆ కథ నిజమే. కానీ అరవయ్యో వంతులో పొరుగు సైన్యం వచ్చి ఊరు కాల్చేసిన ఆటల కథలు చెప్పేవాళ్ళు లేరు. గెలిచిన ఒక్కదాన్నీ వేదిక ఎక్కించి, ఓడిన వందని సిగ్గుపడమంటారు. బురదలో కమలం అని మన దగ్గర పెట్టే పేరు ఇదే. కమలానికి దండ వేశాక, బురద గురించి అడగడం అమర్యాద అవుతుంది. పూడిక తీయాల్సిన పంచాయతీకి అంతకంటే ఏం కావాలి?

పైగా ఆ కమలాల కథల్లో ఒక బండి కనిపించకుండా పోతుంది. బీడు నేల మీద ఊరిని బతికించే అసలు కిటుకు లోపలి వర్తకం. మన ఊరి నుంచి మన రాజ్యంలోనే ఇంకో ఊరికి ఒక వర్తకుణ్ణి పంపితే, బయల్దేరిన ఊరికి వంతు వంతుకీ తిండీ ఉత్పత్తీ వచ్చి పడతాయి. ఎడారి ఊరు దాంతోనే పెరుగుతుంది. ఎన్నోసార్లు వాడాను. వాడిన ప్రతిసారీ ఒక విషయం నన్ను గుచ్చుతుంది. ఆ తిండి వల్ల రెండో ఊరికి ఏమీ తగ్గదు! ఆట లెక్కల పుస్తకంలో తిండి గాల్లోంచి పుడుతుంది.

ఇంటి లెక్క తెలిసిన ఏ ఆడదీ ఈ సూత్రం రాయదు. ఒక ఊరికి వచ్చిన తిండి ఇంకో ఊరి కంచంలోంచే తగ్గుతుంది. మా ఇంట్లో ఆ వర్తక మార్గం పేరు మా పెద్దక్క. పదో తరగతితో చదువు ఆపేసి కుట్టుమిషన్ ముందు కూర్చుంది. నా హాస్టల్ ఫీజు ఆ మిషన్ కిందనుంచి వచ్చింది. నా థీసిస్‌లో ఆమెకి కృతజ్ఞతల పేజీలో ఒక వాక్యం దక్కింది. విశ్వవిద్యాలయం దృష్టిలో నేను 'ఏమీ లేని చోటు నుంచి' వచ్చిన విద్యార్థిని. ఏమీ లేని చోటు కాదది, అక్క ఉన్న చోటు. ఆమెకి ఏమీ తగ్గలేదని రాసిన లెక్కల పుస్తకాన్ని నేను ఒప్పుకోను. బయటి చదువులో పైకొచ్చిన ప్రతి ఆడపిల్ల వెనకా ఇలా కనీసం ఒక బండి నడుస్తోంది. ఎక్కువసార్లు దాన్ని లాగేది ఇంకో ఆడమనిషి. ఆ చాకిరీని లెక్కలోకి తీసుకోకుండా తట్టుకునే శక్తి గురించి ఉపన్యాసమివ్వడం ఆ మనిషిని రెండోసారి దోచుకోవడమే.

రీస్టార్టూ కాదు, సర్దుబాటూ కాదు. మూడో ప్రశ్న ఒకటుంది. అసలు ఈ నేలకి సున్నా అని రాసిందెవరు?

ఆట లోపలికి కాస్త వెళ్తే జవాబు దొరుకుతుంది. అందులో రష్యాని ఎంచుకుంటే టండ్రా మామూలు టండ్రాలా ఉండదు. ప్రతి గడీ అదనంగా ఒక పాలు ఉత్పత్తి, ఒక పాలు భక్తి ఇస్తుంది. అందుకే యంత్రం రష్యాని కావాలనే టండ్రా దగ్గర పుట్టిస్తుంది. మాలి రాజ్యానికి ఊరి పక్కనున్న ప్రతి ఎడారి గడీ తిండీ భక్తీ ఇస్తుంది. ఇంకా జనాలకి కొండ శిఖరం కూడా పని చేసుకునే చోటే, మిగతా అందరికీ అది అడుగు పెట్టలేని గోడ. కెనడా టండ్రాలో పొలాలు వేస్తుంది. నేల మారలేదు, గడి మారలేదు, మంచు కరగలేదు. మారింది నియమం. రష్యా ఆడేవాళ్ళెవరూ టండ్రా వచ్చిందని ఏడవరు. అదే టండ్రాలో ఇంకొకరు పుడితే చెడ్డ ఆరంభం అంటారు. కాబట్టి ఫలానా నేల చెడ్డది అన్న వాక్యం అసంపూర్ణం. ఎవరి కోసం రాసిన నియమాల ప్రకారం చెడ్డది అన్నది కూడా చెప్తేనే అది పూర్తవుతుంది.

పెట్రా సంగతీ అంతే. ఎడారి ఊళ్ళో పెట్రా అనే అద్భుతాన్ని కడితే, సున్నా ఇచ్చే ఇసుక గడి ఒక్కసారిగా 2 పాళ్ళ తిండి, 2 పాళ్ళ బంగారం, 1 పాలు ఉత్పత్తి ఇవ్వడం మొదలుపెడుతుంది. ఆటలో ఇదొక మంత్రం. నిజమైన పెట్రా జోర్డాన్‌లో ఉంది. అక్కడ మంత్రమేమీ జరగలేదు. నబాతీయులు కొండవాలు మీద పడ్డ వానచుక్కని వదలకుండా కాలువల్లోకి మళ్ళించి, తొట్లలో నిలవ చేసి, ఆ రాళ్ళ మధ్య నగరాన్ని నిలబెట్టారు. ఎడారికి సున్నా వేసినవాళ్ళకి ఆ నీటి పని కనిపించలేదు, కట్టడం మాత్రమే కనిపించింది. 

ఇక మావోరీల దగ్గరికి వద్దాం. ఈ పత్రిక పాఠకులు తప్పనిసరిగా తెలుసుకోవాల్సిన నియమం అక్కడ ఉంది. 2019లో వచ్చిన 'గ్యాదరింగ్ స్టార్మ్' అనే విస్తరణలో మావోరీలని చేర్చారు. కూపే నాయకత్వంలో వాళ్ళు నడిసముద్రంలో మొదలవుతారు. కాలికింద నేలే లేదు! ఇంతకంటే చెడ్డ ఆరంభం ఉంటుందా? కానీ ఊరు కట్టేదాకా వాళ్ళకి వంతుకి 2 పాళ్ళ విజ్ఞానం, 2 పాళ్ళ సంస్కృతి ఇచ్చే నియమం రాశారు. నేల వెతుక్కోవడాన్ని ఆలస్యంగా కాక జ్ఞానంగా లెక్కగట్టారు. చదివినప్పుడు నిజంగా ముచ్చటేసింది. దేశం మారి, భాష మారి, మళ్ళీ మొదలుపెట్టే ఆడవాళ్ళ సంవత్సరాలని కూడా ఇలా లెక్కగట్టే నియామక కమిటీ ఒకటుంటే ఎంత బావుండేది అనుకున్నాను. అయితే అదే పేజీలో కింద ఇంకో వాక్యం ఉంది. మావోరీలకి 'గొప్ప రచయితలు' దక్కరు. 

ఈ ఆటలో గొప్ప రచయితలు అని ఒక వర్గం ఉంది. వాల్మీకి ఉన్నాడు, హోమర్ ఉన్నాడు, మురసాకి షికిబు ఉంది. వాళ్ళని సంపాదించుకున్న రాజ్యానికి సాహిత్య కృతులు దక్కుతాయి. మావోరీలది మౌఖిక సంప్రదాయం కాబట్టి వాళ్ళకి ఆ దారి మూసేశారు. మరి హోమర్ సంగతేంటి? కుశలవులు పాడుతూ తిరిగిన కావ్యం రాసిన వాల్మీకి సంగతేంటి? కొందరి పాట రచన అవుతుంది, ఇంకొందరి పాట సంప్రదాయం దగ్గరే ఆగిపోతుంది. ఈ నియమం మనకి కొత్త కాదు. ఊర్మిళాదేవి నిద్ర పాడుకున్న మన ముత్తవ్వలు సాహిత్య చరిత్రల్లో పేరులేని స్త్రీలుగా ఒక అనుబంధంలో ఉండిపోయింది ఈ నియమం వల్లే. సున్నా అని ముందే రాసిపెట్టి, తర్వాత ఇక్కడేమీ పండలేదని ఆశ్చర్యపోతారు.

మావోరీ రచయిత్రి పాట్రీషియా గ్రేస్ మొదటి కథల సంపుటి 'వైయారికి' 1975లో వచ్చింది. ఆమె నవల 'పోటికి' 1986లో వచ్చింది. తమ నేలని కాజేయజూసే డెవలపర్లకి ఎదురు నిలిచిన ఒక మావోరీ సమూహం కథ అది. ఆ తర్వాత చాలా ఏళ్ళకి, ఆమె సొంత పూర్వీకుల భూమినే ఒక ఎక్స్‌ప్రెస్ రహదారి కోసం బలవంతంగా తీసుకోబోయారు. ఆమె కోర్టుకెళ్ళింది. 2014లో న్యూజీలాండ్ పర్యావరణ న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పు వచ్చిన అయిదేళ్ళకి వచ్చిన ఆటలో ఆమె జాతికి గొప్ప రచయితలుండరని నియమం రాశారు. ఆట తయారుచేసినవాళ్ళకి దురుద్దేశం ఉందని నేననను. నియమాలు రాసేవాళ్ళకి దురుద్దేశం అక్కర్లేదు, ఎవర్ని అడగాలో తెలియకపోతే చాలు.

మన దగ్గరికొస్తే, ఆడపిల్ల మొదటి గడి ఎలా సున్నా అయింది? ఆమె మందకొడితనం వల్ల కాదు. ఉమ్మడి ఆస్తిలో కొడుకు పుట్టుకతోనే వాటాదారు, కూతురు కాదు అన్న నియమం వల్ల. ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణ చట్టం ఆ నియమాన్ని మార్చింది. అది కూడా అందరికీ కాదు, అమలు తేదీ అయిన 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళు బయటే ఉండిపోయారు. దేశమంతటికీ సవరణ వచ్చేసరికి 2005 అయింది. 1985 సెప్టెంబరులో మన కూతుళ్ళు రాత్రికి రాత్రి కష్టపడటం నేర్చుకున్నారా? నేల అదే, పిల్లా అదే, నియమం మారింది. తట్టుకునే శక్తి మీద పెట్టిన సభలు ఆ పని చేయలేదు. చట్టం మీద పట్టుబట్టినవాళ్ళు చేశారు. ఆ చట్టాన్ని దాటవేయడానికి పసుపుకుంకుమల పేరుతో కూతుళ్ళ చేత సంతకాలు పెట్టించుకునే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి నియమం మార్చడంతో ఆట అయిపోదు. కానీ అది మారకుండా ఆట మొదలే కాదు.

కొన్నేళ్ళ కింద ఒక విశ్వవిద్యాలయంలో అధ్యాపక ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళాను. నా కాగితాల్లో నాలుగేళ్ళ ఖాళీ కనిపించింది. ఆ నాలుగేళ్ళూ పసిబిడ్డతో, రెండు కాలేజీల్లో గంటల లెక్కన పాఠాలు చెప్పాను. గంటల లెక్కన చెప్పిన పాఠాలు అనుభవం కిందికి రావన్నారు. బిడ్డని పెంచడం సరేసరి. "ప్రతిభ ఉన్నవాళ్ళు ఎక్కడి నుంచైనా పైకొస్తారమ్మా" అని అందులో ఒక పెద్దాయన ప్రేమగానే అన్నారు. ఆ ఉద్యోగం నాకు రాలేదు. వచ్చినవాళ్ళ మీద నాకు కోపం లేదు. కోపమంతా ఆ వాక్యం మీద. ఎక్కడి నుంచైనా అన్న మాటకి అర్థం, ఎక్కడి నుంచో మేం చూడదల్చుకోలేదని. 

నా వాదానికి రెండు అభ్యంతరాలు రావచ్చు. ఒకటి, ఇది సామ్రాజ్యవాదపు ఆట కదా అని. నిజమే. ఇలాంటి ఆటలని ఫోర్ ఎక్స్ అంటారు. 1993లో అలన్ ఎమ్రిచ్ అనే విమర్శకుడు పెట్టిన పేరు అది. వెతుకు, విస్తరించు, కొల్లగొట్టు, నిర్మూలించు అని ఆ నాలుగింటికి అర్థం. ఇంత నగ్నంగా పేరు పెట్టుకున్న ఆటని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ విజేతల తరఫు సాక్షే నేల ముఖ్యమని ఒప్పుకుంటే, ఆ సాక్ష్యానికి బలం ఎక్కువ.

రెండోది, ఇలా అన్నీ నేల మీదకి నెట్టేస్తే స్త్రీల శక్తి ఏమైపోతుందని. ఈ మాట మన స్త్రీవాద మిత్రులే అంటారు. శక్తి ఉందని రుజువు చేసుకోడానికి మనం ఇంకెన్నాళ్ళు టండ్రాలో పండించి చూపించాలి? పదిహేను వంతుల్లో చేసినదాన్ని ఎనిమిది వంతుల్లో చేసినదానితో పక్కపక్కన పెట్టి తూచకండి అనడం శక్తిని తగ్గించడం కాదు, సరిగ్గా కొలవడం.

అలా కొలిచేటప్పుడు మన వైపు కూడా త్రాసు తిప్పుకోవాలి. స్త్రీలమన్న ఒక్క మాటలో అందరి నేలా ఒకటైపోదు. ఇంట్లో పుస్తకాల అల్మరా, పనికి ఇంకో ఆడమనిషి, అగ్రవర్ణపు ఇంటిపేరు ఉన్నవాళ్ళం నది ఒడ్డున ఊరు కట్టినవాళ్ళమే. దళిత స్త్రీలు రాయడం లేదని మనలోనే కొందరు అన్నారు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' చూస్తే, వాళ్ళు గత శతాబ్దపు తొలి దశకాల నుంచీ రాస్తూనే ఉన్నారని తేలింది. పండనిది నేల కాదు, మన లెక్కల పుస్తకంలో ఆ గడికి వరస లేదు, అంతే.

ఈ ఆట మొదలయ్యే ముందు మెనూలో ఒక చిన్న అమరిక ఉంటుంది, ఆరంభ స్థానం ఎలా ఉండాలని అడుగుతుంది. మామూలుగా, గొప్పగా, లేదా అందరికీ సమంగా. చాలామంది దాన్ని చూడరు, మామూలు అన్నదే ప్రకృతి అనుకుని ముందుకెళ్ళిపోతారు. నా పట్టుదలంతా ఆ అమరిక గురించే. నియామక పత్రాల్లో ఖాళీగా కనిపించే ఏళ్ళకి ఒక వరస పెట్టండి. గంటల లెక్కన చెప్పిన పాఠాన్ని పాఠంగా లెక్కించండి. అవార్డుకి పుస్తకాన్ని ఎంచేటప్పుడు అది ఎన్ని పనుల మధ్య, ఎవరి బండి మీద వచ్చిందో అడగండి. సాహిత్య చరిత్ర రాసేటప్పుడు పాడినవాళ్ళని అనుబంధంలోంచి తీసి అధ్యాయంలో పెట్టండి. మన సంకలనాల్లో, మన సభల్లో, ఈ పత్రికలో కూడా. అవేవీ చేయకుండా ఎవరైనా మళ్ళీ మద్దెల సామెత ఎత్తితే, దయచేసి తల వంచుకోకండి. ఆ మద్దెల ఇలా ఇవ్వండి, తట్టి చూస్తాం అని చెయ్యి చాపండి.